టైటిల్స్‌లో ఒక తురక పేరు

తెలుగు సినిమా పాటలో ముస్లిం ఎక్కడున్నాడు అని అడిగితే చాలామంది తడుముకోకుండా మహమ్మద్ రఫీ పేరు చెబుతారు. 'భలే తమ్ముడు' (1969)లో ఎన్.టి.రామారావుకు పాడాడు కదా అంటారు. ఇంకొంచెం పాతకాలం వాళ్లయితే 'మనోరమ' (1959)లో పాడిన తలత్ మహమూద్‌ను గుర్తు చేసుకుంటారు. అక్కడితో లెక్క అయిపోతుంది. బొంబాయి నుంచి పిలిపించిన అతిథులు వీళ్లు. పాడి వెళ్లిపోయారు. పందిట్లో పాడినవాడు అందరికీ కనిపిస్తాడు. పందిరి వెనక కూర్చుని వాయించినవాడు, ఏ వాద్యం ఎక్కడ పలకాలో చెప్పినవాడు ఎవరికీ కనిపించడు. మా గురించి ఆలోచించాలంటే ఆ కనిపించని మనిషి దగ్గరనుంచే మొదలుపెట్టాలని మాకు అనిపిస్తుంది. అందుకే ఈ వ్యాసంలో ఎ.ఆర్. రెహమాన్ గురించి మాట్లాడుతున్నాం. ఆస్కార్లు తెచ్చిన రెహమాన్ గురించి కావల్సినంత రాశారు. అరేంజర్ రెహమాన్ గురించి, అతని పేరు గురించి మాకు చెప్పవలసింది కొంత ఉంది.

అరేంజర్ అంటే ఎవరు? సంగీత దర్శకుడు వరస కడతాడు. ఆ వరసకు ముందు ఏ వాద్యం మోగాలి, పల్లవికీ చరణానికీ మధ్య వయొలిన్లు ఎంతసేపు నడవాలి, ఫ్లూట్ ఎక్కడ అందుకోవాలి, డోలక్ ఎక్కడ ఆగాలి అన్నది కాగితం మీద రాసి వాద్యగాళ్ల ముందు పెట్టేవాడు అరేంజర్. మనం ఈల వేసేది వరసనే అయినా, పాట వినగానే ఇది ఫలానా సినిమాది అని గుర్తుపట్టేది చాలాసార్లు ఆ మొదటి వాద్యాల మోతను బట్టే. ఆ మోత కట్టినవాడి పేరు మాత్రం తెరమీద చిన్న అక్షరాల్లో 'సహాయకుడు' అని పడుతుంది. లేదంటే అసలే పడదు.

హైదరాబాదులో పెరిగిన శంకర్, జైకిషన్‌తో కలిసి హిందీ సినిమా సంగీతాన్ని రెండు దశాబ్దాలు ఏలాడు. ఆ జంట పాటల వెనక ఆర్కెస్ట్రా రాసినవాడు సెబాస్టియన్ డిసౌజా. గోవా క్రైస్తవుడు. ఆయన ఒక్కడే కాదు. చర్చి బడుల్లో స్వరలిపి నేర్చుకుని బొంబాయి చేరిన గోవా క్రైస్తవులు ఎందరో ఆ పని చేశారు. దేశమంతా వాళ్ల మోత విన్నది. వాళ్ల పేర్లు వినలేదు. ఒక మైనారిటీ సమాజం మొత్తం ఒక దేశపు పాటకు వాద్యం అమర్చి, పేరు లేకుండా మిగిలిపోయిన కథ అది. ఆ కథ చదువుతుంటే మాకు మావాళ్లు గుర్తొస్తారు. మా వరంగల్ జిల్లాలో పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు వాయించినవాళ్లలో, డోలక్ పట్టినవాళ్లలో, హార్మోనియం రిపేరు చేసినవాళ్లలో సాయిబులు ఎంతమంది? ఎవరు లెక్క రాశారు? పెళ్లి ఫొటోలో బ్యాండువాళ్లు ఒక మూలన సగం తెగి కనిపిస్తారు. అంతే.

రెహమాన్ తండ్రి ఆర్.కె. శేఖర్ అలాంటి మనిషే. మద్రాసులో ఉండి మలయాళ సినిమాలకు పనిచేశాడు. సొంత పేరుతో సంగీతం ఇచ్చిన సినిమాల కంటే, ఇతర సంగీత దర్శకులకు వాద్యసంయోజన చేసి ఆర్కెస్ట్రా నడిపిన సినిమాలు ఆయనకు ఎన్నో రెట్లు ఎక్కువ. 1976లో ఆయన చనిపోయినప్పుడు కొడుకు దిలీప్‌కు తొమ్మిదేళ్లు. ఆస్తి అంటూ మిగిలింది ఆయన కొనిపెట్టిన వాద్యాలు. తల్లి వాటిని స్టూడియోలకు కిరాయికి ఇచ్చి ఇల్లు నడిపింది. ఈ సంగతిని పత్రికలు కన్నీళ్లు తెప్పించడానికి వాడుకున్నాయి. దానిలో ఇంకో అర్థం కూడా ఉంది. నలభై మూడేళ్లకే పోయిన మనిషి పేరు అద్దెకు పోదు. వాద్యాలు పోతాయి. పనిచేసేవాడి చేతికి విలువ ఉంది, వాడి పేరుకు లేదు అన్న పాఠం ఆ పిల్లవాడికి అప్పుడే అందింది.

ఆ పిల్లవాడు బడి మానేసి కీబోర్డు ముందు కూర్చున్నాడు. మద్రాసు అప్పటికి తెలుగు సినిమాకు కూడా పుట్టినిల్లే కనుక అతను వాయించిన వాటిలో తెలుగు పాటలూ ఉన్నాయి. ఎం.ఎస్. విశ్వనాథన్, ఇళయరాజాల దగ్గర వాయించినట్టే మన రమేశ్ నాయుడు దగ్గరా, ముఖ్యంగా రాజ్-కోటి దగ్గరా వాయించాడు. ఈ రాజ్ ఎవరో కాదు, రఫీ చేత 'భలే తమ్ముడు'లో పాడించిన టి.వి. రాజు కొడుకు. కోటి సాలూరి రాజేశ్వరరావు కొడుకు. 1980లలో ఆ జంట తెలుగు సినిమాకు కొత్త ఊపు తెచ్చింది. సింథసైజరు, రిథమ్ మెషిను మన పాటలోకి జోరుగా వచ్చిన కాలం అది. మా తరం కుర్రాళ్లు హన్మకొండ చౌరస్తాలో, మండీబజారులో టీకొట్ల ముందు నిలబడి విన్న పాటల్లో ఎన్నిట్లో ఆ దిలీప్ చేతివేళ్లు ఉన్నాయో ఎవరికీ తెలియదు. క్యాసెట్టు అట్ట మీద పేరు లేదు. అంటే రెహమాన్‌ను తెలుగువాళ్లు 'రోజా'తో మొదటిసారి విన్నారన్న మాట నిజం కాదు. అంతకు ఎన్నో ఏళ్ల ముందునుంచే వింటున్నారు. ఎవరిని వింటున్నారో తెలియకుండా విన్నారు.

1980ల చివరకు ఆ కుటుంబం ఒక సూఫీ పీరు ప్రభావంతో ఇస్లాంలోకి వచ్చింది. దిలీప్ అనే పేరు తనకెప్పుడూ నచ్చలేదని రెహమాన్ తర్వాత చెప్పుకున్నాడు. చెల్లెలి పెళ్లి విషయమై జాతకం చూపించడానికి వెళితే ఒక హిందూ జ్యోతిష్కుడు అబ్దుల్ రహ్మాన్, అబ్దుల్ రహీం అనే పేర్లు సూచించాడట. అందులో రహ్మాన్ నచ్చింది. తల్లి దానికి ముందు అల్లా రఖా చేర్చింది. 'అల్లా కాపాడినవాడు' అని దాని అర్థం. రహ్మాన్ అంటే అంతులేని కరుణ కలవాడు. తెలుగు పత్రికలు 'రెహమాన్' అని రాస్తాయి, అదే స్థిరపడింది కనుక మేమూ అలాగే రాస్తున్నాం. హిందూ జ్యోతిష్కుడు సూచించిన ముస్లిం పేరు! ఈ దేశంలో మా పేర్లు, మా దర్గాలు, మా మొక్కులు ఎంత కలగలిసి ఉన్నాయో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. మతాన్ని కొడవలితో కోసినట్టు రెండుగా కోయాలనుకునేవాళ్లకు ఈ సంగతి మింగుడుపడదు.

మణిరత్నం 'రోజా'కు అవకాశం ఇచ్చాడు. టైటిల్స్‌లో కొత్త పేరే పడాలని తల్లి కరీమా బేగం పట్టుబట్టింది. మొదటి సినిమా. ప్రచారం సిద్ధమవుతోంది. కాశ్మీరు తీవ్రవాదం మీద తీసిన సినిమా. పాతపేరే ఉంచుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయి బతికిన పరిశ్రమ ఇది. మహజబీన్ మీనాకుమారి అయింది. ముంతాజ్ జహాన్ మధుబాల అయింది. అంత గొప్పవాళ్లు దాచుకున్న పేరును ఈ ఇల్లు బయటపెట్టింది. ఒక దిలీప్ రెహమాన్ అయ్యాడు. దారి ఎదురుగా నడిచింది. 1992 ఆగస్టు 15న తమిళంలో 'రోజా' విడుదలైంది. అదే ఏడు డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చారు. అంతకు ముందటేడే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. ఇల్లు అద్దెకు అడగడానికి వెళ్లి పేరు చెప్పగానే ముఖాలు మారిపోవడం మేము చూసిన రోజులవి. బస్సులో పక్కవాడు పేరు అడిగితే ఒక్క క్షణం ఆలోచించుకున్న రోజులు. ఆ రోజుల్లో ఊరూరా మైకుల్లో మోగిన పాట ఒక తురక పేరు గలవాడిది. ఆ సంతోషాన్ని మేము తక్కువ చేసి మాట్లాడం. అది మాకు ధైర్యం ఇచ్చింది.

ఇక సంగీతం సంగతి. 'రోజా' పాటలు వినగానే అప్పటి పెద్దలు రెండు మాటలన్నారు. శబ్దం కొత్తగా ఉంది అన్నారు. మాటలు వినపడటం లేదు అన్నారు. రెండూ నిజమే. రెండూ అతను అరేంజర్‌గా పెరిగినందువల్ల వచ్చినవే. ఇళయరాజా పద్ధతిలో వాద్యగాళ్లంతా ఒక హాల్లో కూర్చుని, రాసిచ్చిన స్వరాలు చూసి, ఒకేసారి వాయిస్తారు. రెహమాన్ తన ఇంటి ఆవరణలో కట్టుకున్న 'పంచతన్ రికార్డ్ ఇన్' స్టూడియోలో ఒక్కొక్క వాద్యాన్ని విడిగా రికార్డు చేశాడు. గాయకులను రాత్రిపూట ఒంటరిగా పాడించాడు. ఒకే పల్లవిని నాలుగైదు రకాలుగా పాడించుకుని, తర్వాత కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో చూసుకున్నాడు. దీనివల్ల అతని పాటలో బాస్ గిటారు, తబలా, గొంతు, గాలిలా వెనక వీచే సింథసైజరు వేటికవి విడివిడిగా వినిపిస్తాయి. ఏదీ ఇంకోదాన్ని మింగదు. గొంతు కూడా ఆ వాద్యాల్లో ఒకటై కూర్చుంటుంది. అందుకే మాట వెనక్కి పోయింది. మాటను నెత్తిన పెట్టుకునే తెలుగు శ్రోతకు అది లోటుగానే తోచింది. పైగా అవి తమిళ మాటల కొలతలకు కట్టిన వరసలు. రాజశ్రీ, వేటూరి లాంటివాళ్లు పెదవుల కదలికకు సరిపడేలా వాటిలో తెలుగును కూర్చవలసి వచ్చింది. ఆ ఇరుకు కొన్నిచోట్ల తెలిసిపోతుంది.

ఈ పద్ధతికి ఇంకో ముఖం ఉంది. దాన్ని దాచడం విమర్శ అనిపించుకోదు. ఒక గదిలో ఒక మనిషి, ఒక కంప్యూటరు చాలు అనే దారి తెరుచుకున్న తర్వాత పెద్ద ఆర్కెస్ట్రాలకు పని తగ్గింది. నలభై వయొలిన్ల చోట ఒక కీబోర్డు వచ్చింది. రోజుకూలికి వాయించి బతికినవాళ్లు ఇళ్లకు వెళ్లారు. ఆ మార్పు ఒక్క రెహమాన్ వల్ల వచ్చింది కాదు, ప్రపంచమంతా వచ్చింది. కానీ మన దక్షిణాదిలో దానికి పెద్దదారి వేసినవాడు అతనే. మరి అదే రెహమాన్ తన క్యాసెట్ల మీద, సీడీల మీద వాద్యగాళ్ల పేర్లు వేయించాడు. ఫ్లూట్ నవీన్, డ్రమ్స్ శివమణి, బాస్ గిటారు కీత్ పీటర్స్, సౌండ్ ఇంజనీర్ హెచ్. శ్రీధర్. ఈ పేర్లు జనానికి తెలిసింది ఆ అట్టల మీద చూసే. 2008లో చెన్నైలో కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ పెట్టి, పేదపిల్లలకు ఉచితంగా పాశ్చాత్య వాద్యాలు నేర్పి ఆర్కెస్ట్రా తయారు చేశాడు. పోయిన పనులకు ఇది పరిహారం అని మేము అనం. అయితే పేరులేని తండ్రి కొడుకుకు, పేరు పడటమంటే ఏమిటో తెలుసు. తనకు పేరు రాగానే పక్కవాడి పేరు కూడా రాయించినవాళ్లు మన పరిశ్రమలో ఎంతమంది ఉన్నారు?

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఆ పేరు ఏ సినిమా మీద పడింది? 'రోజా'లో ఒకవైపు జెండా తగలబడుతుంటే కథానాయకుడు దానిమీద పడి మంటలార్పుతాడు. ఇంకోవైపు తీవ్రవాది నమాజు చేస్తుంటాడు. ఆ రెండు దృశ్యాలను పక్కపక్కన కత్తిరించి అతికించిన తీరులోనే తీర్పు ఉంది. నమాజు చేసేవాడు, జెండా తగలబెట్టేవాడు ఒకే వైపు నిలబడ్డారు. 1994లో తేజస్విని నిరంజన 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో ఈ సినిమా ఎవరి దేశాన్ని కలుపుతోంది అని అడిగింది. ఆ ప్రశ్న మాకు ఇప్పటికీ సరైనదే. ఆ దృశ్యం వెనక మోగిన సంగీతం రెహమాన్‌ది. 'సంగీతానికి ఏం తెలుసు, దర్శకుడు చెప్పినట్టు చేశాడు' అని కొందరంటారు. సంగీతానికి తెలుసు. ఏ దృశ్యం దగ్గర గుండె ఉప్పొంగాలో, ఏ దృశ్యం దగ్గర భయపడాలో ప్రేక్షకుడికి చెప్పేది సంగీతమే. అప్పటికి అతను ఇరవై అయిదేళ్ల కుర్రాడు, మొదటి సినిమా, కాదనే స్థితి లేదు. అది అర్థం చేసుకోగలం. కానీ ఈ పాయింటు రాయకుండా దాటలేం. మా పేరు తెరమీదకు వచ్చిన రోజునే మా నమాజు అనుమానంగా తెరమీదకు వచ్చింది. రెండూ ఒకే టికెట్టుకు చూశాం.

'బొంబాయి' (1995) దగ్గరికి వచ్చేసరికి అతని సంగీతం సినిమా కంటే ముందుకు వెళ్లిందని మా అభిప్రాయం. ఆ సినిమా అల్లర్లను రెండు వైపులా సమానం చేసి చూపి సరిపెట్టుకుంది. ఎవరు ఎక్కువ చచ్చారు, పోలీసులు ఎటు నిలబడ్డారు అన్నది సినిమా గట్టిగా అడగలేదు. కానీ అందులోని ఇతివృత్త వాద్యసంగీతం, ఆ ఫ్లూటు, ఏ వైపువాడికీ సర్దిచెప్పదు. పాఠం చెప్పదు. పోయినవాళ్లకోసం కూర్చుని ఏడుస్తుంది. మాటలేని ఆ కొద్ది నిమిషాలు, మాటలున్న సినిమా మొత్తం చెప్పలేనిది చెప్పాయి.

1997లో స్వాతంత్ర్యానికి యాభై ఏళ్లు నిండినప్పుడు 'వందేమాతరం' ఆల్బం వచ్చింది. ఆ మాట చుట్టూ ముస్లింలను ఎంతకాలంగా నిలదీస్తున్నారో అందరికీ తెలుసు. అంటావా, అనవా? అంటే దేశభక్తుడివి, అనకపోతే దేశద్రోహివి. రెహమాన్ ఆ పాతపాటను ఉన్నదున్నట్టు పాడి ఊరుకోలేదు. మెహబూబ్ రాసిన కొత్త మాటల్లో ఉర్దూ 'సలాం'తో తల్లిని పలకరించాడు. అమ్మీకి బిడ్డ చేసే సలాం అది. పూజ చేయలేదు, పలకరించాడు. మాకు తెలిసిన పద్ధతిలో మేము ప్రేమిస్తాం అన్నమాట ఆ ఒక్క పదంలో ఉంది. దేశమంతా ఆ సలాంను నోరారా పాడింది. అందులో ఉర్దూ ఉందని ఎవరూ గమనించలేదు. గమనించకపోవడం గెలుపా, ఓటమా? మాకు రెండూ అనిపిస్తుంది.

ఎందుకంటే ఆ తర్వాత రెహమాన్ ఒక సర్టిఫికెట్ అయిపోయాడు. 'అబ్దుల్ కలాంను చూడండి, రెహమాన్‌ను చూడండి, మీరూ అలా ఉండొచ్చు కదా' అని మాకు చెప్పేవాళ్లు పుట్టుకొచ్చారు. క్రికెట్ మ్యాచి జరిగినప్పుడల్లా, ఎక్కడో బాంబు పేలినప్పుడల్లా ఈ సర్టిఫికెట్‌ను మా ముఖాన ఆడించారు. మేము అడిగేది ఒకటే. మండీబజారులో పంక్చర్లు వేసుకునే కుర్రాడు మంచి పౌరుడనిపించుకోవడానికి రెండు ఆస్కార్లు తేవాలా? ఇంకెవరినీ అలా అడగరేం? రెహమాన్ గొప్పతనం రెహమాన్‌ది. దాన్ని మాకు కొలబద్దగా తెచ్చి పెట్టడం మమ్మల్ని అవమానించడమే, అతన్ని కూడా.

మరో రకం వాళ్లు 'సంగీతానికి మతం లేదు, రెహమాన్ అందరివాడు' అంటారు. మంచిమాటే. మంచి మనసుతోనే అంటారు. కానీ ఆ మాట మా పేరు వచ్చినప్పుడే ఎందుకు గుర్తొస్తుంది? త్యాగయ్య పాటకు రాముడు లేడని ఎవరైనా అంటారా? రెహమాన్ సంగీతంలో అతని నమ్మకం ఉంది. 'ఫిజా' (2000), 'జోధా అక్బర్' (2008), 'ఢిల్లీ-6' (2009), 'రాక్‌స్టార్' (2011) సినిమాల్లోని దర్గా పాటలు వింటే అది తెలుస్తుంది. అంతకు ముందు సినిమా ఖవ్వాలీ అంటే ఆడ మగ రెండు జట్లు ఎదురెదురుగా కూర్చుని, చేతికి గులాబీలు చుట్టుకుని, పోటీ పాడుకోవడం. తమాషా. రెహమాన్ ఖవ్వాలీలోంచి ఆ పోటీని తీసేశాడు. చప్పట్లు, హార్మోనియం, కింది స్థాయిలో నడిచే కోరస్, పైన ఒక గొంతు. 'జోధా అక్బర్'లో ఆ గొంతు తనదే. తన కళను చూపెట్టాలన్న ఆత్రం ఆ పాడటంలో లేదు. దర్గా గుమ్మం దగ్గర చెప్పులు వదిలి లోపలికి పోయినవాడి గొంతులా ఉంటుంది. ఇన్ని వాద్యాలు తెలిసిన అరేంజర్ అక్కడ ఎన్ని వాద్యాలు వదిలేశాడో చూడాలి. తన పని తనకు పూర్తిగా తెలిసినవాడే అలా వదలగలడు.

మా ఫిర్యాదు ఏమిటంటే, ఇవన్నీ ఉర్దూ హిందీల్లో ఉన్నాయి. తెలుగులో ఏవీ? నేరుగా తెలుగుకు అతను చేసినవి తక్కువ. 1994లో 'సూపర్ పోలీస్', 'గ్యాంగ్ మాస్టర్', 2004లో 'నాని', 2010లో 'కొమరం పులి', అదే ఏడు తమిళంతోపాటు తీసిన 'ఏ మాయ చేసావె'. వీటిలో చివరిది ఒక్కటే నిలిచింది. అనంత శ్రీరామ్ మాటలు వరసలో ఇమిడిపోయి, అనువాద వాసన లేకుండా వచ్చాయి. మిగతావి విని మరచిపోయినవి. ఏ ఒక్కదానిలోనూ తెలుగు ముస్లిం జీవితం చప్పుడు లేదు. ఇది రెహమాన్ ఒక్కడి లోటు కాదు. తెలుగు సినిమా మొత్తం లోటు. తెలుగు సినిమాలో సాయిబు నోరు తెరిస్తే వచ్చీరాని తెలుగు, నవ్వులు. పాట వస్తే బొంబాయి నుంచి అరువు తెచ్చిన ఖవ్వాలీ.

నిజానికి మా నేలమీద పాటకు కరువా? పీర్ల పండుగకు తెలంగాణ పల్లెల్లో డప్పులు మోగుతాయి. అలావా చుట్టూ హిందువులు, ముస్లింలు కలిసి తిరుగుతారు. హసన్ హుసేన్‌లు ఆశన్న ఊశన్నలై తెలుగు పాటల్లోకి వచ్చి కూర్చున్నారు. కర్బలా దుఃఖాన్ని మాదిగ, గొల్ల, చాకలి ఆడవాళ్లు తమ ఇంటి దుఃఖంలా తెలుగులో పాడుకున్నారు. మా కాజీపేటలో అఫ్జల్ బియాబానీ దర్గాకు సఫర్ నెలలో ఉర్సు జరుగుతుంది. ఖవ్వాలీ వినడానికి వచ్చేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లు ఎంతమందో. కోస్తాలో పొన్నెకల్లు షేక్ నాజర్ బుర్రకథకు ప్రాణం పోశాడు. కరవది షేక్ చినమౌలానా నాదస్వరంతో శ్రీరంగం చేరి గుడి ముందు వాయించాడు. ఇద్దరికీ పద్మశ్రీలు వచ్చాయి. పేర్లు మిగిలాయి. కానీ వాళ్లిద్దరూ మిగిలింది హిందూ పురాణాన్నో, చరిత్రనో, కర్ణాటక కృతినో పలికినందుకు. మా సొంత చప్పుడు, ఆ డప్పు, ఆ మాతం, ఆ ఫకీరు పాట, తెలుగు రికార్డింగు గదిలోకి ఇంకా అడుగుపెట్టవలసే ఉంది.

అడుగుపెట్టడం అసాధ్యమని అనుకోనక్కరలేదు. మా జిల్లాలోనే చూశాం. తెలంగాణ మాటను తెలుగు సినిమా విలన్లకు, వెకిలి పాత్రలకు కేటాయించిన రోజుల్లో, మహబూబాబాద్ దగ్గరి కంబాలపల్లి నుంచి చక్రి వచ్చాడు. 2000లో 'బాచి'తో మొదలుపెట్టి, 'ఇడియట్' (2002), 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' (2003)లతో రాష్ట్రమంతా తన పాట వినేలా చేశాడు. 2010లో 'సింహా'కు నంది అందుకున్నాడు. 2014 డిసెంబరులో నలభై ఏళ్లకే పోయాడు. అతని పాటలన్నీ గొప్పవని మేమనం. తొందరలో చేసినవీ, ఒకే అచ్చులో పోసినవీ ఉన్నాయి. కానీ వరంగల్ పేరు చెప్పుకుని మద్రాసు వారసత్వం లేకుండా ఆ కుర్చీలో కూర్చోవచ్చని చూపించాడు. ఒక ప్రాంతానికి అది జరిగితే, అదే ప్రాంతంలో ఉన్న ఒక సమాజానికి ఎందుకు జరగదు?

జరగకపోవడానికి కారణం మా లోపల కూడా ఉంది. 2015లో మాజిద్ మాజిదీ తీసిన ప్రవక్త జీవిత చిత్రానికి సంగీతం ఇచ్చినందుకు ముంబాయిలోని రజా అకాడమీ రెహమాన్ మీద ఫత్వా తెప్పించింది. నేను దర్శకుణ్ణి కాదు, నిర్మాతను కాదు, సంగీతం మాత్రమే ఇచ్చాను, మంచి ఉద్దేశంతోనే ఇచ్చాను అని అతను వినయంగా జవాబు రాశాడు. అదే నెలలో విశ్వహిందూ పరిషత్ నాయకుడొకరు తిరిగి హిందువైపొమ్మని 'ఘర్ వాపసీ' పిలుపు ఇచ్చాడు. ఒకరు నువ్వు సరైన ముస్లింవి కాదన్నారు. ఇంకొకరు నువ్వు ముస్లింవే కాదన్నారు. మధ్యలో మనిషి, అతని పని, అతని నమ్మకం ఎవరికీ పట్టలేదు. సంగీతం హరాం అని పిల్లవాడి చేతిలోంచి హార్మోనియం లాక్కున్న ఇళ్లు మాకు తెలుసు. ఆ పిల్లవాడి పాటను 'పరాయి పాట' అన్న వీధులూ తెలుసు. ఈ రెంటి మధ్య ఎన్ని గొంతులు మూగపోయాయో.

2024 నవంబరులో కడప పెద్ద దర్గాలో జరిగిన ముషాయిరాకు, రెహమాన్‌కు ఇచ్చిన మాట ప్రకారం, అయ్యప్ప మాలలో ఉన్న నటుడు రామ్‌చరణ్ వచ్చాడు. మాలలో దర్గాకు పోతావా అని ఎంత గొడవ చేశారో చూశాం. శబరిమలకు పోయే భక్తుడు వావరు మసీదుకు వెళ్లి దండం పెట్టే ఆచారం ఉందని ఆ గొడవ చేసినవాళ్లకు తెలియదా? తెలుసు. తెలిసినదాన్ని మరపించడమే వాళ్ల పని. రెహమాన్ కడపకు తరచు వస్తాడు. ఆ దర్గా తెలుగు నేలమీద ఉంది. అతని భక్తికి తెలుగు చిరునామా ఉంది. పాటకు మాత్రం ఇంకా లేదు.

2009 ఫిబ్రవరిలో ఆస్కార్ వేదిక మీద అతను ఇంగ్లీషులో మాట్లాడి, చివర తమిళంలో ఒక్క వాక్యం అన్నాడు. పొగడ్తలన్నీ దేవుడికే అని దాని అర్థం. రోజూ మేము అరబ్బీలో అనే 'అల్‌హమ్దులిల్లాహ్'కు అది తమిళం. మా చర్చకంతా కీలకం అక్కడ ఉందని మేము నమ్ముతున్నాం. అల్లాను తల్లి భాషలో తలచుకోవడానికి అతనికి మొహమాటం లేదు. తన పేరు తురక పేరు అని చెప్పుకోవడానికి మొహమాటం లేదు. రెండూ ఒకే నోట పలికాడు. మేము ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడుకుంటూ, ఇక్కడ వీళ్లకు పరాయివాళ్లం, అక్కడ వాళ్లకు అసలైనవాళ్లం కాదు అనిపించుకుంటూ బతుకుతున్నవాళ్లం. ఆ వాక్యం మాకు తెలుగులో కావాలి.

దాన్ని రెహమాన్ వచ్చి ఇస్తాడని ఎదురు చూడటం అనవసరం. అతను చేయవలసింది చేశాడు, చేయనిది చేయలేదు, ఆ లెక్క పైన రాశాం. ఇప్పుడు వరంగల్‌లో వెయ్యి గజాల దూరానికొక కుర్రాడి దగ్గర కంప్యూటరు ఉంది, అందులో వాద్యాలున్నాయి. పంచతన్ స్టూడియోలో అప్పుడున్న యంత్రాలకంటే ఎక్కువే ఉన్నాయి. బాబులూ, పీర్ల పాటలు తెలిసిన నానీలు, దాదీలు ఇంకా కొందరు బతికి ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చోండి. ఆ డప్పును రికార్డు చేయండి. వాయించిన మాదిగ తాత పేరు, పాడిన అవ్వ పేరు, అమర్చిన మీ పేరు పూర్తిగా రాయండి. పొట్టి చేసి, మార్చి, రెండక్షరాలు చేసి రాయకండి. వినేవాళ్లు వింటారు. పేరు చూసి ముఖం మార్చుకునేవాళ్లు ఎలాగూ ఉంటారు. పాట అయ్యేదాకా వాళ్లు కూడా వినక తప్పదు.